జీతం 20వ తేదీకే అయిపోతోంది, బడ్జెట్ ఎలా వేసుకోవాలి?

ప్రశ్న (హూడి, బెంగళూరు)

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు. వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం, చేతికి వచ్చేది 42,000. ఇంటికి 12,000 పంపుతాను. పీజీకి 9,500, బండి ఈఎంఐ 4,200. ఇవి పోగా 16,300 ఉండాలి. కానీ ప్రతి నెలా ఏదో ఒకటి వచ్చి పడుతుంది. మొన్న అమ్మానాన్నల హెల్త్ ఇన్సూరెన్స్ 22,000 కట్టాను, అంతకుముందు బాబాయి కూతురి పెళ్లి. ఖర్చులు రాసుకునే యాప్ వాడుతున్నాను. ఎంత పోయిందో తెలుస్తోంది గానీ ఏమీ మిగలడం లేదు. నెల మధ్య నుంచే టెన్షన్. తేలిగ్గా పాటించగలిగే పద్ధతి చెప్తారా?

జవాబు 1 (కె.ఆర్. పురం)

తమ్ముడూ, 42 వేలల్లో 12 వేలు ఇంటికి పంపేవాడివి, నువ్వు దుబారా మనిషివి కావు. టీ, సమోసాలు మానెయ్యమని ఎవరైనా చెప్తే పట్టించుకోకు. నీ నెలను తినేస్తున్నవి ఏడాదికోసారి వచ్చే ఖర్చులు. ఇన్సూరెన్స్ ఏటా అదే నెలలో వస్తుంది, పండగ తేదీ ముందే తెలుసు. కాబట్టి వాటినీ నెలవారీ ఖర్చుల్లోనే వేసుకోవాలి.

నీ లెక్క నేనే వేసి చూశాను. ఇన్సూరెన్స్ 22,000, బండి ఇన్సూరెన్స్ ఒక 2,800, సంక్రాంతికి దసరాకి ఊరు వెళ్లిరావడానికి 6,000, ఇంట్లో అందరికీ బట్టలు 10,000, పెళ్లిళ్ల చదివింపులు 6,000. మొత్తం 46,800. పన్నెండుతో భాగిస్తే నెలకు 3,900. జీతం పడిన రోజే ఈ 3,900 వేరే ఖాతాలోకి వెళ్లిపోవాలి. స్టేట్ బ్యాంకు సేవింగ్స్ ఖాతాలకు 2020లోనే మినిమమ్ బ్యాలెన్స్ నిబంధన తీసేసింది, అలాంటి ఖాతా చాలు. దానికి ఫోన్‌లో యూపీఐ మాత్రం పెట్టుకోకు.

ఏ ఖర్చు ఏ నెలలో చేతి నుంచి పోతుందో కూడా రాసుకో. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు, అంటే సంక్రాంతి టికెట్ డబ్బు నవంబరులోనే కావాలి.

ఇక మిగిలేది 12,400. అందులో 3,000 ఆర్‌డీ (బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్) కట్టు. మిగతా 9,400 నీది, దేనికి ఖర్చు పెట్టినా రాయక్కర్లేదు. వారానికి 2,100 చొప్పున వాడుకో. నాలుగు పెట్టి భాగిస్తే 2,350 వస్తుంది, కానీ ఫిబ్రవరి తప్ప ప్రతి నెలలో నాలుగు వారాల మీద రెండు మూడు రోజులు ఉంటాయి. చాలామంది బడ్జెట్ తప్పేది ఆ చివరి రోజుల్లోనే.

జవాబు 2 (బీటీఎం లేఅవుట్)

అక్క చెప్పిన వారం లెక్కకి యూపీఐ లైట్ (యూపీఐ యాప్‌లోనే చిన్న ఖర్చులకి విడిగా డబ్బు వేసుకునే వాలెట్) బాగా పనికొస్తుంది. ప్రతి సోమవారం అందులో 2,100 వేసుకోండి. 5,000 దాకా ఉంచుకోవచ్చు. చిన్న ఖర్చులన్నీ అందులోంచే పెడితే ఎంత మిగిలిందో కళ్లముందే కనిపిస్తుంది, యాప్‌లో రాసే పని ఉండదు. ఆటో టాపప్ మాత్రం ఆపెయ్యండి, లేకపోతే అయిపోగానే తనంతట అదే నింపుకుంటుంది.

ఇంటికి పంపేది కూడా 10,000కి తగ్గించుకుంటే మంచిదని నా అభిప్రాయం.

జవాబు 1 నుంచి మళ్లీ

యూపీఐ లైట్ మంచి మాట. ఇంటికి పంపేది తగ్గించడం మాత్రం నాకు నచ్చలేదు. అక్కడ మందులు, కరెంటు బిల్లు ఆ డబ్బు మీదే నడుస్తుంటాయేమో. తగ్గించాలన్నా అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడాకే. తమ్ముడూ, పాలసీ కట్టేది ఏ నెలలో?

ప్రశ్న అడిగినవారు

ఆగస్టులో అక్కా. మొన్ననే కట్టాను కాబట్టి వచ్చే ఏడాదికి పన్నెండు నెలలూ దొరుకుతాయి. బండి ఇన్సూరెన్స్ డిసెంబరులో ఉంది, అప్పటికి మూడు నెలల డబ్బు 11,700 జమవుతుంది. కానీ నవంబరు టికెట్లు, పండగ బట్టలు కూడా అందులోంచే అంటే సరిపోదేమో?

జవాబు 1 నుంచి

సరిపోదు, మొదటి ఏడాది ఎవరికైనా అంతే. సంక్రాంతి అయ్యేదాకా ఆర్‌డీ మొదలుపెట్టకుండా ఆ 3,000 కూడా ఇందులోనే వెయ్యి. ఫిబ్రవరి నుంచి ఆర్‌డీ కట్టు.