అప్‌డేట్: నాన్నగారితో మాల్టా వెళ్ళొచ్చాం

"నాన్నగారితో నాలుగు రోజులు మాల్టా వెళ్తున్నాం, చరిత్ర అంటే ఆయనకు ప్రాణం, ఏం చూపించాలి?" అని అడిగాను కదా. సమాధానం ఇచ్చిన అందరికీ పేరుపేరునా థాంక్స్.

హైపోజియం టికెట్లు ముందే బుక్ చేసుకోమని చెప్పినవాళ్ళకు ప్రత్యేకంగా. గంటకు పదిమందినే లోపలికి పంపుతారు. 5,000 ఏళ్ళ కిందటే భూమి లోపల రాయిని తొలిచి కట్టిన సమాధి గదులవి. 1902లో ఇళ్ళు కడుతుంటే బయటపడ్డాయట. పైకప్పు మీద ఎర్రమట్టి రంగుతో వేసిన సుడులు ఇంకా కనిపిస్తున్నాయి. ఫోటోలు తీయనివ్వరు, అదే మంచిదైంది, కళ్ళారా చూశాం.

వాలెట్టాలో సెయింట్ ఎల్మో కోట దగ్గర నాన్నగారు కదల్లేదు. 1565లో మాల్టాను ముట్టడించిన ఆటోమన్ (టర్కీ సామ్రాజ్యం) సేనలను ఈ చిన్న కోట దాదాపు నెల రోజులు ఆపింది. ముట్టడి ముగిశాక, మరుసటి ఏడాది వాలెట్టా నగరానికి పునాది వేశారు.

నన్ను కదిలించింది మాత్రం మోస్టా చర్చి. 1942 ఏప్రిల్ 9న జనం ప్రార్థనకు చేరి ఉండగా గుమ్మటాన్ని చీల్చుకుని బాంబు లోపల పడింది, పేలలేదు. దాని నమూనా అక్కడే పెట్టారు. నా నడుము దాకా ఉంది. దాని పక్కన నిలబడి తలెత్తి గుమ్మటాన్ని చూస్తే ఒళ్ళు జలదరించింది.

ఇంకో సంగతి: మాల్టీస్ భాషలో పుస్తకాన్ని 'క్తీబ్' అంటారు. అరబిక్ మూలం. మా హైదరాబాద్ 'కితాబ్' గుర్తొచ్చి నాన్నగారు ఎంత సంబరపడ్డారో! గోజో దీవికి టైమ్ చాల్లేదు. వెళ్ళేవాళ్ళు కనీసం ఆరు రోజులు పెట్టుకోండి.