సంతలో కొన్న పెట్టలకు పారుడు, నట్టలు: ఏ మందు ముందు వేయాలి?

పెరటిగూడు_నల్గొండ
అందరికీ నమస్తే. మొన్న సంతలో ఆరు నాటు పెట్టలు, ఒక పుంజు కొన్నాం. పాత కోళ్ల దగ్గరికి పంపకుండా పశువుల కొట్టంలో ఒక మూల వల కట్టి అందులో ఉంచాను. తెచ్చిన మర్నాటి నుంచే పారుడు మొదలైంది. ఒక నల్ల పెట్ట మేత బాగానే తింటోంది కానీ ఎత్తితే బరువే లేదు. రొమ్ము ఎముక కత్తి అంచులా చేతికి తగులుతోంది, తురాయి పాలిపోయింది. ఇంకో ఎర్ర పెట్ట ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని మూలనే నిలబడుతోంది. మందుల షాపులో అడిగితే నట్టల (కడుపులో పురుగుల) మందు ఒకటి, యాంటీబయాటిక్ పొడి ఒకటి ఇచ్చారు. రెండూ కలిపి వేసేయమన్నారు. నాకు ధైర్యం చాలక ఇంకా ఏదీ వేయలేదు. తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

గోదారి_పుంజు
వేయకుండా ఆగి మంచి పని చేశారండీ. ముందు కొక్కెర తెగులు కాదని తేల్చుకోండి. ఆకుపచ్చ పారుడు, నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ తిరగడం, రెక్కలు కాళ్లు పడిపోవడం, ఇవేవైనా ఉన్నాయా? అది వైరస్ జబ్బు. వచ్చాక ఏ మందూ పనిచేయదు, టీకా ముందే పడి ఉండాలి. సంతలో ఎక్కడెక్కడి కోళ్లో ఒకే చోట కాళ్లు కట్టి పడుకోబెడతారు కాబట్టి అంటుకోవడానికి అంతకంటే అనువైన చోటు లేదు. కొత్తవాటిని ముట్టుకున్న చేతులతో, అదే చెప్పులతో పాత గూటికి వెళ్లకండి. మేత, నీళ్లు ముందు పాతవాటికి పెట్టి, ఆ తర్వాతే కొత్తవాటి దగ్గరికి వెళ్లండి.

అమ్మమ్మ_దొడ్డి
రెట్ట ఎలా ఉందో రాయలేదు తల్లీ, అది చూడకుండా మందు చెప్పలేం. రాత్రి గూటి కింద పాత న్యూస్ పేపర్ పరిచి పొద్దున్నే చూడు. మామూలు రెట్ట గట్టిగా ఉండి పైన తెల్లటి సున్నం లాంటిది ఉంటుంది. మధ్యమధ్య ముదురు గోధుమ రంగులో జిగటగా, బాగా వాసనతో ఒకటి పడుతుంది. అది జబ్బు కాదు, కోడికి సహజమే. కొత్తగా కోళ్లు పెంచేవాళ్లు దాన్ని చూసే భయపడతారు. ఎండకు రొప్పుతూ నీళ్లు ఎక్కువ తాగినా రెట్ట పలచనవుతుంది. ప్రయాణపు బెదురుకు కూడా ఒకటి రెండు రోజులు అలా ఉండొచ్చు. రక్తం, నురగ, తెల్లటి దారాల్లాంటి పురుగులు, బియ్యపు గింజల్లాంటి ముక్కలు కనపడితే మాత్రం అది వేరే సంగతి.

పెరటిగూడు_నల్గొండ
అమ్మా, మీరు చెప్పినట్టే పేపర్ పరిచి చూశాను. ఆకుపచ్చ లేదు, మెడ తిరగడం లేదు. నల్ల పెట్ట రెట్టలో తెల్లగా, లావు దారంలా వేలెడు పొడవు పురుగు ఒకటి ఉంది, కదులుతోంది కూడా. ఎర్ర పెట్ట రెట్టలో ఇటుక రంగు జిగురు, ఒకచోట ఎర్రగా రక్తపు చార. మిగతావాటివి పలచనే కానీ రక్తం లేదు.

ఆరోగ్య_దొడ్డి (పశువైద్య సహాయకుడిని)
అయితే మీ దగ్గర రెండు వేర్వేరు సమస్యలు ఉన్నట్టున్నాయి. నల్ల పెట్టవి ఏలికపాములు. ఎర్ర పెట్టది చూస్తే రక్త పారుడు, అంటే కాక్సీడియోసిస్ అనిపిస్తోంది. దాన్ని తెచ్చేది పురుగు కాదు, పేగు గోడలో పెరిగే కంటికి కనపడని సూక్ష్మజీవి. నట్టల మందు ఎంత పోసినా దానికి ఏమీ కాదు. చాలామంది కోళ్లు పోయేది ఇక్కడే. పారుడు అనగానే నట్టల మందు వేసి వారం ఎదురుచూస్తారు, ఈలోగా రక్తం పోయి కోడి పడిపోతుంది.

రక్త పారుడుకి ఆంప్రోలియం. 20 శాతం పొడి అయితే లీటరు నీటికి 1.2 గ్రాములు, 3 నుంచి 5 రోజులు, ఆ నీళ్లు తప్ప వేరే నీళ్లు పెట్టకుండా. ఏ రోజు నీళ్లు ఆ రోజే కలపాలి. అది థయమిన్‌కు, అంటే బి1 విటమిన్‌కు అడ్డుపడుతూ పనిచేసే మందు కాబట్టి ఆ రోజుల్లో బి కాంప్లెక్స్ టానిక్ కలిపితే మందు బలం తగ్గుతుంది. టానిక్ కోర్సు అయ్యాక ఇవ్వండి. నీళ్లు కూడా తాగలేని కోడికి సిరంజితో నోటి పక్క నుంచి చుక్కలు చుక్కలుగా పోయాలి, ఒక్కసారి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నట్టల మందు విషయానికొస్తే, పైపరజిన్ ఈ పెద్ద ఏలికపాముల మీదే బాగా పనిచేస్తుంది. ఆల్బెండజోల్ ఇంకొన్ని రకాల మీద కూడా పనిచేస్తుంది. కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల లెక్కన డాక్టర్ చెప్పారనుకోండి, 2.5 శాతం ద్రావణం కిలోన్నర పెట్టకు 0.6 మిల్లీలీటర్లే. ఆవులకు వాడే సీసా చేతిలో ఉందని చెంచాతో పోయకండి, తూకం వేసి సిరంజితో కొలవాలి. కడుపు నిండా పురుగులున్న బక్క కోడిలో అన్నీ ఒక్కసారే చచ్చి పేగుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. అందుకే మీ నల్ల పెట్టను డాక్టరుకు చూపించాకే వేయండి.

ఆ యాంటీబయాటిక్ పొడి మాత్రం పక్కన పెట్టేయండి. దాని మీద కొలిస్టిన్ అని రాసి ఉంటే అసలు ముట్టుకోవద్దు. కోళ్లతో సహా ఆహారం కోసం పెంచే జీవాల్లో దాన్ని వాడకూడదని 2019లోనే కేంద్రం నిషేధించింది.

వేపచెట్టు_నీడ
మేం వేపాకు, పసుపు, వెల్లుల్లి నూరి ఉండలు చేసి పెడతాం. నట్టలకు అదే. ఎప్పుడూ ఇంగ్లీషు మందు జోలికి పోలేదు.

గోదారి_పుంజు
అన్నా, ఆరోగ్యంగా ఉన్న కోడికి అప్పుడప్పుడు పెడితే నాకూ అభ్యంతరం లేదు, మా ఇంట్లోనూ పెడతారు. కానీ రెట్టలో బతికున్న పురుగు పడుతున్నప్పుడు, రక్తం కనపడుతున్నప్పుడు వేపాకుతో కాలయాపన చేయొద్దు. పెట్ట మీద ప్రేమ ఉంటే ఆ పూటే సరైన మందు వేయాలి.

టెక్సస్_తెలుగు_గూడు
ఇక్కడ అమెరికాలో 2023 జూన్ నుంచి, మనుషుల వైద్యానికీ ముఖ్యమైన యాంటీబయాటిక్‌లు డాక్టర్ చీటీ లేకుండా కోళ్లకు దొరకవు. అందుకే కొత్త కోడి రాగానే రెట్ట పరీక్ష చేయించడం మాకు అలవాటైపోయింది. ఒక్కో కోడికి విడిగా కాకుండా నాలుగైదు చోట్ల తాజా రెట్ట తీసి ఒకే డబ్బాలో ఇస్తే చాలు. ఇంకో మాట, ఫెన్‌బెండజోల్ అనే నట్టల మందు వాడేవాళ్లు ఈకలు రాల్చి కొత్తవి వస్తున్న కోళ్లకు వేయకండి, కొత్త ఈకలు వంకరగా వస్తాయి. గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో సీసా మీద ఉన్నది చూడండి. ఇక్కడి సీసా మీద రాసింది అక్కడి సీసాకు వర్తించదు.

అమ్మమ్మ_దొడ్డి
బియ్యపు గింజల్లా పడేవాటి గురించి అడిగేవాళ్ల కోసం: అవి బద్దె పురుగుల ముక్కలు. పైపరజిన్‌కు అవి పోవు, డాక్టరునడిగి ప్రజిక్వాంటెల్ వేయించాలి. చీమలు, పేడ పురుగులు, ఈగలు తిన్న కోళ్లకు అవి వస్తాయి. కాబట్టి మందుతో పాటు పేడకుప్పను గూటికి దూరం చేయకపోతే మళ్లీ మొదటికే.

పెరటిగూడు_నల్గొండ
అందరికీ ధన్యవాదాలు. పశువైద్య హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చేసి మాట్లాడి, తర్వాత రెట్ట తీసుకుని పశువుల ఆసుపత్రికి వెళ్లాను. మైక్రోస్కోపులో చూసి ఏలికపాముల గుడ్లు, రక్త పారుడు సూక్ష్మజీవి రెండూ ఉన్నాయన్నారు. ముందు అన్నిటికీ ఆంప్రోలియం, నల్ల పెట్ట కొంచెం కోలుకున్నాక నట్టల మందు అన్నారు. ఎర్ర పెట్ట ఇప్పుడు నూకల జావ తాగి, లేచి తిరుగుతోంది. రక్తం ఆగింది. నల్ల పెట్టకు నిన్న నట్టల మందు వేస్తే పొద్దున పేపర్ మీద పురుగులు ముద్దలా పడ్డాయి, చూసి ఒళ్లు జలదరించింది. ఇప్పుడు నా సందేహం: కొట్టంలో ఆ మూల ఏం చేయాలి? పాతవాటితో ఎప్పుడు కలపాలి?

ఆరోగ్య_దొడ్డి
చాలా సంతోషం. పాత ఊక మొత్తం ఎత్తి దూరంగా గోతిలో పూడ్చండి, మేత పొలంలో చల్లొద్దు. రక్త పారుడు గుడ్లు ఫినాయిల్‌కు, బ్లీచింగ్‌కు చావవు. వాటికి తడి కావాలి, కాబట్టి నేల ఎండనివ్వండి, ఎండ తగలనివ్వండి, ఆ తర్వాత కొత్త ఊక పరిచి రోజూ తిరగేయండి. నీళ్ల గిన్నెను ఇటుక మీద పెడితే రెట్ట అందులో పడదు, చుట్టూ తడీ తగ్గుతుంది.

ఏలికపాము గుడ్లు నేలలో నెలల తరబడి బతుకుతాయి. కోడి మింగిన గుడ్డు పెద్ద పురుగై మళ్లీ గుడ్లు పెట్టడానికి 5 నుంచి 8 వారాలు పడుతుంది. అందుకే ఒక్కసారి మందుతో పని అయిపోదు. రెండో విడత తేదీ డాక్టరును అడిగి క్యాలెండర్‌లో రాసుకోండి. ఈ కోళ్లకు టీకా పడిందో లేదో మీకు తెలియదు కదా, పూర్తిగా కోలుకున్నాక కొక్కెర తెగులు టీకా వేయించండి. జబ్బుగా ఉండగా టీకా వద్దు.

గోదారి_పుంజు
కలపడానికి తక్కువలో తక్కువ నెల ఆగండి. ఆ తర్వాత కూడా అన్నీ ఒకేసారి వదలకుండా, పాతవాటిలో ఒక పెట్టను తెచ్చి కొత్తవాటితో పది రోజులు ఉంచండి. దానికేమీ కాకపోతే మిగతావి కలపొచ్చు. వదిలేది సాయంత్రం చీకటి పడ్డాక, గూటి కర్ర మీద కూర్చోబెట్టండి. పొద్దున్నే మేత రెండు మూడు చోట్ల పోయండి, పోట్లాట తగ్గుతుంది.