30 మీటర్ల లోతులో ఊపిరి తేలిగ్గా ఆడే రెగ్యులేటర్ ఏది?

అందరికీ నమస్కారం. విశాఖ రుషికొండలో, వీలైనప్పుడు అండమాన్ హేవ్‌లాక్‌లో స్కూబా డైవింగ్ చేస్తుంటాను. ఇన్నాళ్లూ అద్దె రెగ్యులేటర్లే (సిలిండర్‌లోని గాలిని ఊపిరికి తగిన పీడనంలో నోటికి అందించే పరికరాలు) వాడాను, ఇక సొంతంగా కొనుక్కోవాలని ఉంది. స్కూబాప్రో ఎంకే25 ఈవో–ఎస్620 టీఐ, ఏపెక్స్ ఎక్స్‌టీఎక్స్50, ఈ రెండింటి దగ్గర ఆగిపోయాను.

30 మీటర్ల దగ్గర పీడనం ఉపరితలం మీదకంటే 4 రెట్లు, గాలీ అంత చిక్కబడుతుంది. అక్కడ నీటి ప్రవాహానికి ఎదురీదుతుంటే అద్దె రెగ్యులేటర్ నుంచి గాలిని బలంగా లాక్కోవాల్సి వస్తోంది. సిలిండర్‌లో గాలి పీడనం 50 బార్‌కి దిగేసరికి ఇంకా బిగుసుకుంటోంది, నిజంగా టెన్షన్‌గా ఉంటుంది. అది అన్‌బ్యాలెన్స్‌డ్ రకం, అంటే సిలిండర్ పీడనం తగ్గేకొద్దీ ఊపిరి బిగుసుకునే రకం, కావడం వల్లేనని నా అనుమానం. పైగా దవడ నొప్పి. తల పక్కకి తిప్పినప్పుడల్లా గొట్టం మౌత్‌పీస్‌ని లాగుతుంది, పైకొచ్చేసరికి చిగుళ్ల మీద అచ్చు పడి ఉంటుంది.

నేను చూస్తున్న రెండూ బ్యాలెన్స్‌డే, బిగువు సరిచేసుకునే నాబ్ రెండింటికీ ఉంది. అందుకే కేటలాగ్ అంకెలకన్నా వాడినవాళ్ల మాట ముఖ్యం. ఎంకే25 పిస్టన్ రకం, దాని స్ప్రింగ్ ఉన్న చోటికి సముద్రపు నీరు చేరుతుంది. ఎక్స్‌టీఎక్స్50 సీల్ చేసిన డయాఫ్రం రకం, అంటే లోపలి భాగాలకి నీరు తగలకుండా పల్చటి పొర అడ్డుంటుంది. మన తీరంలో ఇసుక, మడ్డి తేలే నీళ్లకి ఏపెక్సే నయమని నాకనిపిస్తోంది. నిజమేనా?

తల కిందులుగా ఉన్నప్పుడు ఏది తడిగా ఊపిరి ఇస్తుంది, అంటే గాలితో పాటు నీటి తుంపర్లు నోట్లోకి వస్తాయి? గొట్టానికి స్వివెల్ (అటూ ఇటూ తిరిగే జాయింట్) పెడితే దవడకి ఊరట ఉంటుందా, లేక పళ్ల అచ్చుకి మలుచుకునే మౌత్‌పీస్ చాలా? విశాఖ, చెన్నై వైపు సర్వీసింగ్ నమ్మకంగా ఎక్కడ చేయించుకుంటున్నారో కూడా చెప్పండి.