తేమ తగిలే నీటిరంగుల చిత్రాలు: సిలికా జెల్‌ను 50 శాతం తేమకు తేవడం ఎలా?

అమలాపురంలో చిన్న గ్యాలరీ. చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) బాణీలో కాగితం మీద వేసిన నీటిరంగుల చిత్రాలు. వానాకాలంలో తేమ 65 శాతం దాటి అలాగే నిలిస్తే బూజు తప్పదు. అద్దానికి ఆనుకుపోయిన ఒక చిత్రంలో చీర అంచు పక్కన ఆవగింజంత గోధుమరంగు మచ్చలు లేచాయి, చూస్తే ప్రాణం ఉసూరుమంటోంది. అద్దానికీ చిత్రానికీ మధ్యలో ఆమ్లం లేని మౌంటు (అట్ట చట్రం) పెట్టాం, వెలుతురు 50 లక్స్‌కి తగ్గించాం. రాత్రి ఏసీ ఆపగానే తేమ మళ్ళీ ఎగబాకుతోంది.

అందుకే చిత్రాలు ఉంచే మూసిన పెట్టెలో సిలికా జెల్ (తేమను పీల్చి, మళ్ళీ వదిలే గుళికలు) వేద్దామనుకుంటున్నాం. పెట్టె 1.2×0.6×0.3 మీటర్లు. ఘనమీటరుకు 20 కిలోల లెక్కన సుమారు 4.3 కిలోల జెల్ కావాలి. బాగా ఎండిన జెల్ వేస్తే కాగితం వంకర్లు పోతుంది, అందుకే జెల్‌ను ముందే 50 శాతం తేమ ఉన్న గాలికి సరితూగేలా తేవాలి. బయట 85 శాతం తేమ ఉండగా ఈ పని ఎలా చేస్తున్నారు? ఏసీ గదిలో పళ్ళేల్లో ఎంత మందంగా పరవాలి, ఎన్ని రోజులు? చేసి చూసినవాళ్ళు దయచేసి చెప్పండి.