అరవై దాటాక మగగొంతు పీలగా, ఆడగొంతు బొంగురుగా: స్వరతంత్రుల్లో ఏం మారుతోంది?

ప్రశ్న (గాత్రం మేష్టారు, విజయనగరం):
హరికథ, గాత్రం పాడే పెద్దవాళ్లలో మగవారికి అరవై ఐదు దాటేసరికి గొంతు పీలగా, గాలి కలిసినట్టు వస్తోంది. కథ రెండో గంటలో పడేసరికి తారస్థాయి పగులుతోంది. ఆడవారికేమో ఐదున్నర శ్రుతి కాస్తా నాలుగున్నరకి దిగుతోంది. వయసు ఒకటే అయినప్పుడు దారులు రెండెందుకు? తంత్రుల్లో తేమని నిలిపే హైలురోనిక్ ఆమ్లం తగ్గుతుందంటారు కదా, దాన్నే సూదితో ఎక్కిస్తే పాత గొంతు వస్తుందా? శొంఠి, మిరియాల కషాయం పనిచేస్తుందా?

జవాబు 1 (కణజీవశాస్త్రం):
మేష్టారూ, గొంతులో ఊగి స్వరం పుట్టించే తంత్రి అంటే ఒట్టి కండ కాదండి. పైన పల్చని చర్మం, దాని కింద జావలాంటి పొర, ఇంకా కింద సాగే ఎలాస్టిన్, బిగువైన కొల్లాజెన్ పీచులు, అడుగున కండ. 1974లో జపాను వైద్యుడు హిరానో చెప్పింది ఇదే: పై పొర అలలా కదలాలి, అడుగున కండ బిగువివ్వాలి. ఒకటిన్నర శ్రుతిలో షడ్జమం పట్టినా ఆ అల సెకనుకి దాదాపు 139 సార్లు లేస్తుంది.

ఆ జావకి నీటిని పట్టి ఉంచేది హైలురోనిక్ ఆమ్లం. దాన్ని, పీచుల్ని తయారుచేసేవి ఫైబ్రోబ్లాస్టులనే కణాలు. వయసుతో ఇవి మందగిస్తాయి. చాలామంది పొరపడేది ఇక్కడే. కణాలు మందగిస్తే కొల్లాజెన్ తగ్గాలి కదా, కానీ పెరుగుతుంది! ముసలి ఎలుకల తంత్రుల్లో చూస్తే కొత్త కొల్లాజెన్ తయారుచేసే జన్యువుల పని తగ్గింది, పాతదాన్ని కోసేసే ఎంజైముల జన్యువుల పనీ తగ్గింది. తీసేవాడు లేక పాత పీచు పేరుకుంటుంది, ఒకదానికొకటి అల్లుకుని బిగుసుకుంటుంది. ఎలాస్టిన్ పీచులు వరస తప్పి, సాగి వెనక్కి రావడం తగ్గిపోతుంది. పొర గట్టిపడితే అల చిన్నదవుతుంది.

జవాబు 2 (చెవి ముక్కు గొంతు వైద్యం, శ్రీకాకుళం):
రెండు దారుల సంగతి నేను చెప్తాను. మగవారిలో కండ సన్నబడడం ఎక్కువ. స్ట్రోబోస్కోపీలో (మినుకు దీపంతో తంత్రుల ఊపుని చూపే కెమెరా పరీక్ష) చూస్తే రెండు తంత్రులూ మూసుకున్నా మధ్యలో వడ్లగింజ ఆకారంలో సందు మిగులుతుంది. అందులోంచే గాలి పోతుంది. తంత్రి పల్చనై, గట్టిపడడం వల్ల స్థాయి పైకి జరుగుతుంది. ఆడవారికి ముట్లు ఆగాక హార్మోన్లు మారి పై పొర కాస్త ఉబ్బుతుంది, బరువెక్కిన తంత్రి నెమ్మదిగా ఊగుతుంది.

కానీ ఆడగొంతు బొంగురుపోగానే వయసు మీదకి నెట్టకండి. మన తీరం ఊళ్లలో అడ్డపొగ ఉంది, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం. పొగాకు వల్ల ఆ పొరలో నీరు చేరి గొంతు మగగొంతులా అవుతుంది. కేన్సరు మొదలైనా తొలి గుర్తు బొంగురే. నాలుగు వారాలు దాటిన బొంగురుకి కెమెరా పరీక్ష తప్పదు. పొగాకు అలవాటుంటే, మింగుడు కష్టమైతే, మెడలో గడ్డ కనిపిస్తే అన్నాళ్లు కూడా ఆగొద్దు.

సూది విషయం: హైలురోనిక్ ఆమ్లం జెల్‌ని జావ పొరలో వేయరు. కండ పక్కన, లోతుగా వేసి తంత్రిని మధ్యకి తోస్తారు. సందు మూసుకుంటుంది, గాలి తగ్గుతుంది, కొన్ని నెలలు నిలుస్తుంది. పోయిన జావ మాత్రం తిరిగి రాదు. మందు పొరపాటున పై పొరలో పడితే అక్కడ గట్టిపడి గొంతు ఇంకా చెడుతుంది.

ప్రశ్నించినవారు:
చాలా స్పష్టమైంది. సూది దాకా పోకుండా సాధనతో ఎంత వస్తుంది?

జవాబు 3 (స్వర చికిత్స):
సన్నబడిన కండకీ ఊపిరికీ సాధన బాగా పనిచేస్తుందండి, ముందు కెమెరా పరీక్ష అయ్యాకే. ఒకటి, ‘ఈ’ని ఒకే స్వరంలో ఊపిరి ఆగేదాకా. రెండు, కింది నుంచి పైకి ఒకే జారు. మూడు, పైనుంచి కిందికి. నాలుగు, శంకరాభరణం స రి గ మ ప ఐదింటినీ ఒక్కోటి ‘ఓ’ మీద పట్టగలిగినంతసేపు. ఒక్కోటి రెండుసార్లు, ఉదయం సాయంత్రం, ఆరు నుంచి ఎనిమిది వారాలు. వీలైనంత మెల్లగా పలకాలి. పాడేవాళ్లు తప్పేది ఇక్కడే: సభలోలా గట్టిగా పట్టేస్తారు, తంత్రుల పైనుండే మడతలు బిగుస్తాయి, సాయంత్రానికి గొంతు రాచుకుపోతుంది.

‘ఈ’ ఎన్ని సెకన్లు నిలిచిందో రోజూ రాసుకోమనండి. పదిలోపే ఆగితే గాలి కారుతుండొచ్చన్నమాట.

కషాయం అన్నవాహికలోకి పోతుంది, తంత్రుల్ని తాకదు. తాగిన నీళ్లూ అంతే, ఒంటికి పట్టాక పనిచేస్తాయి. నేరుగా తగిలేది ఆవిరి. జలుబుకి వేసుకునే అలెర్జీ మాత్రలు గొంతు ఎండగడతాయి, కథ ఉన్న రోజు ఏది వేసుకోవాలో డాక్టరుని అడగమనండి. ఇక శ్రుతి: ఆడవారిని ఐదున్నరలోనే పాడమని పట్టుబట్టకండి. నాలుగున్నరకి తంబుర దించండి.