నడవని బండి అమ్మకం: సొంత నంబరును ముందే విడదీయించుకోవాలా?

లెస్టర్ వాసి:
మా గ్యారేజీలో 1999 నాటి ఫోర్ బై ఫోర్ బండి ఒకటి మూడేళ్లుగా సార్న్ కింద, అంటే రోడ్డెక్కించబోమని బ్రిటన్ వాహన రిజిస్ట్రేషన్ సంస్థ అయిన డీవీఎల్‌ఏకు ఇచ్చిన ప్రకటన కింద, నిలిచి ఉన్నది. దాని నంబరు మా నాన్నగారి పేరులా చదవడానికి వీలుగా ఉంటుందని ముచ్చటపడి కొనుక్కున్నది. ఎంఓటీ, అంటే బండి రోడ్డుకు పనికొస్తుందని ఏటా చేయించే పరీక్ష, దాని గడువు ఎప్పుడో తీరిపోయింది, బ్యాటరీ చచ్చింది, క్లచ్ పని చేస్తుందో లేదో తెలియదు. విడిభాగాల కోసం ఈ బండిని కొంటానని ఒకాయన శనివారం ట్రైలరుతో వస్తున్నారు. నంబరును తరువాత తిరిగి ఇచ్చేస్తానని కాగితం మీద రాసిస్తానంటున్నారు. ఆయన మాట మీద బండి అప్పగించవచ్చునా? నంబరును బండి నుంచి ముందే విడదీయించి నా పేరిట ఉంచుకోవాలంటే, బండి తన ఇంజనుతో తాను కదలగలిగి ఉండాలన్న నిబంధన ఒకటి అడ్డు వస్తున్నది.

కొవెంట్రీ మిత్రుడు:
అప్పగించవచ్చుననే నా అభిప్రాయం. రెండేళ్ల క్రితం నేనూ ఇలాగే రాతపూర్వక ఒప్పందం మీద బండి ఇచ్చాను. కొన్నవారు తమ పేరిట రిజిస్ట్రేషన్ పత్రమైన లాగ్‌బుక్ రాగానే దరఖాస్తు చేసి నంబరును నా కొత్త కారుకు బదిలీ చేయించారు. ధరలో కొంత భాగాన్ని అప్పటిదాకా ఆయన బాకీగా ఉంచుకున్నారు కాబట్టి ఇద్దరికీ భరోసా ఉండినది. మనుషులను అసలే నమ్మకపోతే పాత బండ్ల బేరాలు సాగవు.

రెడింగ్ నుంచి ఒక అక్క:
తమ్ముడూ, మీకు మంచి మనిషి దొరికాడు, సంతోషం. కాని నంబరుతో సహా బండి అమ్మితే ఆ నంబరు మీద అమ్మినవారికి హక్కు పోతుంది. ఆ తరువాత డీవీఎల్‌ఏ చూసేది తన రికార్డులో ఎవరి పేరు ఉన్నదన్నదే తప్ప, మన ఇంట్లో రాసుకున్న కాగితాన్ని కాదు. పైగా మీ కొనుగోలుదారు బండిని నడుపుకున్నారు, లెస్టర్ వారి కొనుగోలుదారు దానిని విప్పేస్తానంటున్నారు. కదలగలిగిన బండికే నంబరు విడదీస్తారన్న నిబంధన ఆయనకూ వర్తిస్తుంది కదా. ఇంజను దించేసిన మర్నాడు ఆయన ఎంత నిజాయతీపరుడైనా మాట నిలబెట్టుకోలేరు. ఆయన బుద్ధిని నేను శంకించడం లేదు, ఆయన చేతిలో లేనిదాన్ని ఇస్తానంటున్నారని మాత్రమే చెబుతున్నాను.

మిల్టన్ కీన్స్ వాసి:
ఇంత చర్చ అవసరమా? ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి 80 పౌండ్లు కట్టేయండి. బండి కదులుతుందా అని ఎవరు వచ్చి చూస్తారు?

పాత బండ్ల పిచ్చివాడు:
చూస్తారా చూడరా అన్నది వేరే సంగతి, చూస్తామంటే చూపించగలిగి ఉండాలన్నదే షరతు. అబద్ధపు దరఖాస్తును నేను సమర్థించను. అయితే లెస్టర్ వారు రెండు సంగతులను కలిపేసుకుని భయపడుతున్నారని నాకు తోస్తున్నది. సార్న్ ప్రకటించి అయిదేళ్లు దాటనంతవరకు ఈ పనికి ఎంఓటీ గాని, రోడ్డు పన్ను గాని అక్కరలేదు. అయిదేళ్లు దాటితేనే ఆ రెండూ అడుగుతారు. మీకు మూడేళ్లే అయింది కాబట్టి బండి రోడ్డుకు పనికి రానక్కరలేదు, మీ వాకిట్లో నాలుగడుగులు ముందుకూ వెనక్కూ కదిలితే చాలును. ఇక క్లచ్ విషయానికి వస్తే, చెమ్మ పట్టిన గ్యారేజీలో ఏళ్ల తరబడి నిలిచిన బండికి క్లచ్ ప్లేటు తుప్పుతో ఫ్లైవీలుకు అతుక్కుపోవడం నేను చాలాసార్లు చూశాను. అది అరిగిపోయినదని అనుకుని కొత్తది వేయించినవారూ ఉన్నారు. ముందు ఒక బ్యాటరీ అరువు తెచ్చి పెట్టి చూడండి.

కొవెంట్రీ మిత్రుడు:
విడిభాగాల బేరమన్న సంగతిని నేను సరిగా పట్టించుకోలేదు, అక్కగారి వాదనలో ఆ ఒక్క ముక్కను ఒప్పుకుంటున్నాను. నడిచే బండి అయితే మాత్రం నా మాట నాదే.

లెస్టర్ వాసి:
శనివారపు బేరాన్ని వాయిదా వేయించాను, ఆయన కాస్త సణిగారు గాని ఒప్పుకున్నారు. పక్కింటివారి బ్యాటరీతో ఇంజను రెండో ప్రయత్నంలో అంటుకుంది. క్లచ్ అతుక్కునే ఉన్నది, మెకానిక్ వచ్చి అరగంట తంటాలుపడి విడదీశారు. బండి గేటు దాకా వెళ్లి వచ్చింది, ఆ సాయంత్రమే దరఖాస్తు చేశాను. బండికి మొదట ఉన్న పాత నంబరే తిరిగి వచ్చింది. నా నంబరును నా పేరిట అట్టేపెట్టే వీ778 పత్రం ఇస్తారు, అది పదేళ్లు చెల్లుతుంది కాబట్టి తొందరలేదు. మా అబ్బాయి కారుకు పెట్టాలంటే బీమా వారికి ముందుగా చెప్పాలి.

రెడింగ్ నుంచి ఒక అక్క:
కొత్త లాగ్‌బుక్ చేతికి వచ్చేదాకా బండిని గేటు దాటనివ్వకండి. నంబరు ప్లేట్లు మీరే మార్చి అప్పగించండి, ట్రైలరు మీద పోయే బండే కదా అని వదిలేయకండి.

పాత బండ్ల పిచ్చివాడు:
ఖైరతాబాద్ వేలంలో 9999 కోసం లక్షలు పోసేవారిని చూసి నవ్వుకునేవాడిని, మీరు నాన్నగారి పేరు కోసం పడ్డ తిప్పలు చూశాక ఇక నవ్వను. అది సరేగాని, ఆ బండి గేర్‌బాక్సు విడిగా ఇస్తారేమో కొన్నాయనను అడిగి పెట్టగలరా?