పించ్‌బ్యాక్‌ని గవర్నర్ల లెక్కలో వేయొచ్చా?

ప్రశ్న – హిస్టరీపిచ్చి:
అమెరికాలో మొదటి నల్లజాతి గవర్నర్ ఎవరని వెతికితే ఒకచోట లూసియానా పి.బి.ఎస్. పించ్‌బ్యాక్ అనీ, ఇంకోచోట 1990లో వర్జీనియా గవర్నరైన డగ్లస్ వైల్డర్ అనీ వస్తోంది. పించ్‌బ్యాక్ ఆ కుర్చీలో ఉన్నది 1872 డిసెంబర్ 9 నుంచి 1873 జనవరి 13 దాకానే, అదీ జనం ఓటేసి గెలిపించింది కాదు. ఏది కరెక్టండీ?

పాతపేపర్లు:
రెండూ కరెక్టే. ఎన్నికల్లో గెలిచిన మొదటివాడు వైల్డర్, పదవి చేసిన మొదటివాడు పించ్‌బ్యాక్. 1871లో లెఫ్టినెంట్ గవర్నర్ (అంటే గవర్నర్ తర్వాతి స్థానం) ఆస్కార్ డన్ చనిపోతే ఆ స్థానంలోకి ఈయన వచ్చాడు. మరుసటి ఏడాది గవర్నర్ వార్మాత్‌ని అభిశంసించారు. విచారణ తేలేదాకా గవర్నర్ పక్కకి తప్పుకోవాలన్నది అక్కడి రూలు, అందుకే పగ్గాలు ఈయనకొచ్చాయి. దొడ్డిదారి అంటే నేనొప్పుకోను.

రైలుబండి:
నాకైతే ఆ 35 రోజులకన్నా అంతకుముందు జరిగిన రైలు రేసే ఇష్టం! వార్మాత్ న్యూయార్క్‌లో ఉన్నాడు. ఆయన రాష్ట్రానికి చేరేలోపు తాను న్యూ ఓర్లీన్స్‌లో దిగితే, ఆపి ఉంచిన బిల్లుల మీద తాత్కాలిక గవర్నర్‌గా సంతకం పెట్టేయొచ్చని పించ్‌బ్యాక్ చడీచప్పుడు లేకుండా రైలెక్కేశాడు. మిసిసిపీలోని కాంటన్ స్టేషన్‌లో మీకు టెలిగ్రామ్ వచ్చిందని పిలిస్తే దిగి ఆఫీసులోకి వెళ్లాడు, బయట తాళం పడింది. ఈలోగా వెనకనుంచి వార్మాత్ వచ్చేశాడు. కుర్రతనంలో నదీ స్టీమర్ల మీద జూదం ఆడినవాడు ఇంత తేలిగ్గా బోల్తా పడ్డాడంటే నవ్వొస్తుంది.

పాతపేపర్లు:
జూదం సంగతి నిజమే, సుద్దపూసేం కాదు. కానీ తల్లి ఒకప్పటి బానిస, తండ్రి తెల్ల తోటల యజమాని, ఆ తండ్రి పోయాక కుటుంబమంతా బానిసత్వం లేని ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటికి పారిపోయింది, అక్కడినుంచి సైన్యంలో కెప్టెన్, 1868లో రాష్ట్ర సెనేటర్... ఇంత దూరం వచ్చినవాణ్ణి రోజులు లెక్కపెట్టి కొలవడమేంటండీ? 1879లో రాష్ట్ర రాజ్యాంగ సభలో కూర్చున్నాడు, నల్లజాతి పిల్లల కోసం సదరన్ యూనివర్సిటీ పెట్టాలన్న నిర్ణయం అక్కడిదే. నన్నడిగితే గవర్నరుగిరీ కన్నా ఇదే పెద్ద పని.

హిస్టరీపిచ్చి:
థాంక్సండీ. వాషింగ్టన్ సెనేట్‌కి కూడా ఎన్నికయ్యాడని చదివాను, మరి సెనేటర్ల జాబితాలో పేరు లేదేం?

రైలుబండి:
కూర్చోనిస్తేగా! 1873లో రాష్ట్ర శాసనసభ పంపితే మూడేళ్లు నానబెట్టి, 1876 మార్చిలో 32–29 ఓట్లతో కాదన్నారు. జీతం మాత్రం లెక్కకట్టి ఇచ్చారు.